వీపు లేని మహారాజు

శవం తుమ్మింది.

సారంగుడి చేతిలోని బొగ్గుముక్క పుటుక్కున విరిగింది. అప్పటిదాకా అతడు ఆ శవాన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కుడిచేతిని ఎత్తుతూ దించుతూ, వీపు మీద రెక్క ఎముక ఎటు జారుతోందో చూసి గీసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే బయట తలుపు మీద బల్లెపు కర్రలు దబదబా పడ్డాయి.

"తలుపు తియ్యండి! దళపతి దుర్జయుల వారు వేంచేశారు!"

కర్పూరగిరి రాజ్యంలో బతికున్న మనిషి ఒంటిని చూసి బొమ్మ గీస్తే బొటనవేలు తీసేస్తారు. శవాన్ని చూసి గీస్తే తల తీసేస్తారు. శవమనుకుని గీసినవాడు బతికున్న మనిషైతే ఏం తీసేస్తారో శాసనంలో లేదు. తెలుసుకోవాలన్న కుతూహలం సారంగుడికీ లేదు.

ఆస్థాన చిత్రశాలలో మనిషి బొమ్మ నేర్పే పద్ధతే వేరు. నడుము నేర్చుకోవడానికి శిష్యులను సింహాల బోను దగ్గరికి తీసుకెళతారు. చేతుల కోసం ఏనుగుల సాలకు, తొడల కోసం అరటితోటకు, కళ్ల కోసం తామరకొలనుకు, ముక్కు కోసం చిలకల పంజరం దగ్గరికి. మనిషిని తప్ప అన్నిటినీ చూపిస్తారు. "మనిషిని కూడా ఒకసారి చూద్దామా గురువుగారూ?" అని సారంగుడు అడిగిన పూటే ప్రధాన చిత్రకారుడు వర్ణాచార్యులు అతణ్ణి మెడపట్టి బయటికి గెంటాడు.

అప్పటి నుంచి సారంగుడి బడి నది ఒడ్డునున్న ఈ అనాథ శవాల కొట్టం. దీని కాపరి భీమక్క. ఒకప్పుడు ముగ్గురు సామంతుల మల్లులను మట్టి కరిపించిన వస్తాదు. శవాలు లేని రోజుల్లో ఆమే నిలబడి బొమ్మ గీయించుకునేది. "చెయ్యి గీస్తావు, వీపు గీస్తావు. మొహం ఎప్పుడు గీస్తావురా?" అని సణిగేది. "చెయ్యి పైకి లేచేది భుజంతో కాదు భీమక్కా, వీపుతో. రెక్క ఎముక తిరగకపోతే చెయ్యి భుజం దాటి లేవదు. నీ మొహంలో అలాంటి విశేషం ఏముంది?" అని సారంగుడు చెప్పేవాడు. ఆ మాటకు ఆమె నెత్తిన మొట్టేది. ఆ మొట్టికాయ వేసినప్పుడు కూడా అతడు రెక్క ఎముకనే చూసేవాడు.

"ఒరే బొమ్మలోడా," భీమక్క గొంతు తగ్గించి అంది. "నీ శవం కళ్లు తెరిచింది."

"నా శవమేంటి? పొద్దున బండిలోంచి దింపించుకున్నది నువ్వేగా!"

శవం లేచి కూర్చుంది. పొట్ట ముందుకు వచ్చింది, మనిషి ఆ వెనక వచ్చాడు. "మేము ఎక్కడున్నాము? మా పాదుకలేవి?"

"నువ్వెవరయ్యా?"

"మేము ఆజానుబాహు మహారాజులం."

భీమక్క గోడ వంక చూసింది. రాజ్యంలో రాజుగారి పటం లేని గోడ ఉండకూడదు గనుక శవాల కొట్టంలోనూ ఒకటి వేలాడుతోంది. పటంలో మహారాజుకు సింహపు నడుము, మోకాళ్లను తాకే చేతులు, చెవుల దాకా సాగిన కళ్లు. ఎదుటివాడి చేతులేమో నడుము దగ్గరే ఆగిపోయాయి, నడుమెక్కడుందో వెతకాలి.

"అయితే నేను మహారాణిని," అంది భీమక్క.

సారంగుడు మాత్రం ముందుకు వంగాడు. నుదుటి చుట్టూ కిరీటం ఒరుసుకుని కాసిన కాయ. పది వేళ్లకూ ఉంగరాల గాడి. అరికాళ్లు పసిపిల్లవాడి బుగ్గల్లా ఉన్నాయి. నేల తగిలిన పాదాలు కావవి. పటం అబద్ధం చెప్పవచ్చు. చర్మానికి అబద్ధం చెప్పడం రాదు.

"భీమక్కా, ఈయన నిజంగా రాజే! ప్రభూ, పడుకోండి! తక్షణం చచ్చిపోండి!"

తలుపు గడియ ఊడిపడింది.

దళపతి దుర్జయుడు ముక్కుకు పట్టుగుడ్డ అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చాడు. "పొద్దున తెచ్చిన లావుపాటి శవం ఏది? నా కళ్లముందే కాల్చెయ్యాలి. అంతఃపురం ఆజ్ఞ."

"ఒక అనాథ శవానికి అంత మర్యాదేంటయ్యా?" అంది భీమక్క.

"అడగకూడని ప్రశ్న. నేనూ అడగలేదు. అందుకే దళపతినయ్యాను."

చేసేదేమీ లేదు. సారంగుడు, భీమక్క మహారాజును మోసుకెళ్లి చితి మీద పడుకోబెట్టారు. భీమక్క తల వైపు పచ్చి కట్టెలు పేర్చి, పొగ ఎక్కువగా, మంట తక్కువగా వచ్చేలా చూసింది. కానీ ఓ సైనికుడు ఉత్సాహం కొద్దీ కాళ్ల వైపు ఎండుగడ్డి వేసి నిప్పంటించాడు. మహారాజు కాసేపు ఓర్చుకున్నాడు. రాజవంశీకుడు గనుక ఇంకో రెండు క్షణాలు ఎక్కువే ఓర్చుకున్నాడు. ఆ తర్వాత "అమ్మో!" అని చితి మీద నిటారుగా లేచి కూర్చున్నాడు.

సైనికులు వెనక్కి తగ్గారు. సారంగుడు చేతులు జోడించాడు.

"కంగారు పడకండి దళపతీ! ఇది ప్రకృతి ధర్మం. వేడి తగిలితే కండ ముడుచుకుంటుంది, నరం లాగుతుంది, శవం లేచి కూర్చుంటుంది. చాలాసార్లు చూశాను."

"మరి అరిచిందేం?"

"లోపల మిగిలిపోయిన గాలి."

"ఒరే దుర్జయా! గాడిదా!" మహారాజు కాలు ఊదుకుంటూ అరిచాడు. "మా జీతం తింటూ మమ్మల్నే కాలుస్తావురా? దించరా!"

దుర్జయుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆ గాలికి నా పేరెలా తెలిసింది?"

"బేతాళుడు పూనాడయ్యో!" భీమక్క గుండెలు బాదుకుంది. "పేరు పెట్టి పిలిచినవాణ్ణి వెంట తీసుకుపోతాడయ్యో!"

సేనాని అందరికంటే ముందుండాలన్న యుద్ధనీతిని దుర్జయుడు ఆ రోజు తు.చ. తప్పకుండా పాటించాడు. గుర్రం కోసం కూడా ఆగలేదు. కర్పూరగిరి సైన్యం వీపు ఎలా ఉంటుందో సారంగుడు తొలిసారిగా, తీరికగా చూశాడు.

కాసేపటికి కట్టెల బండి నగరం వైపు ఎగిరెగిరిపడుతూ పరుగెత్తుతోంది. మహారాజు కాలికి వెన్న రాసుకుంటున్నాడు.

"ఆఖరున ఏం గుర్తుంది ప్రభూ?"

"పాయసం. ఒక్క గుక్క తాగాము, అంతే. ఇవాళ ఏం రోజు?"

"కిరీటోత్సవం."

మహారాజు చేతిలోని వెన్న జారిపోయింది. ఏటా కిరీటోత్సవం నాడు రాజు తాతముత్తాతల కిరీటాన్ని రెండు చేతులా పైకెత్తి, తన తల మీద తానే పెట్టుకోవాలి. ఆ వేళ కిరీటం ఎవరి తల మీద కూర్చుంటే వాడే రాజు. ఆ తర్వాత "రాజును నేను" అని నోరు విప్పినవాడికి కొరత, అంటే శూలానికి గుచ్చడం. ఇప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఉత్సవం మూడో జాముకు.

"ఇది వంటవాడి పని! కాదు, మహామంత్రి పని! కాదు కాదు, ఆ వర్ణాచార్యులు!"

"మిమ్మల్ని గుర్తుపట్టే పాత పరిచారకులు లేరా?" అన్నాడు సారంగుడు.

"వాళ్లు ముసలివాళ్లయిపోయారని రాణి జాలిపడి మొన్ననే తీర్థయాత్రకు పంపింది. కొలువులో ఎవరూ తలెత్తి మమ్మల్ని చూడకూడదు. చూడాలనుకుంటే గోడమీద పటం ఉంది కదా! ఇక మా మొహం తెలిసింది రాణికే." ఆయన కళ్లు చెమర్చాయి. "ఎంత మెత్తని మనసు! పెళ్లిపీటల మీద తెర దించగానే మమ్మల్ని చూసి భోరుమని ఏడ్చింది. పుట్టింటి మీద అంత మమకారం."

భీమక్క దగ్గింది. సారంగుడు ఎద్దుల వైపు చూశాడు.

"మిమ్మల్ని కాల్చమన్న ఆజ్ఞ అంతఃపురం నుంచి వచ్చింది ప్రభూ," అన్నాడు మెల్లగా.

"అదే మేమూ ఆలోచిస్తున్నాము! శత్రువు అంతఃపురంలోనే చేరాడన్నమాట! పాపం, రాణి ఒంటరిగా ఉంది! బండి తోలవోయ్!"

కోట వాకిలి దాటగానే నగరం కళ్లు జిగేల్మనిపించింది. మేడమేడకూ మావిడాకుల తోరణాలు, మకరతోరణాల నుంచి జాలువారే ముత్యాల కుచ్చులు, వీధుల నిండా పన్నీటి జల్లు, ఏనుగు కుంభస్థలాల మీద కుంకుమపూల ముగ్గులు, వాటి నడుమ గజ్జెలు ఘల్లుమనిపిస్తూ నాట్యకత్తెలు. కానీ సారంగుడు చూసింది వేరే. ముసలీ ముతకా, సెట్టీ బంటూ, ఆఖరికి ఏనుగులకు కూడా ఎడమ బుగ్గ మీద నల్లటి చుక్క ఉంది.

"ఇదేం వేషం తల్లీ?" భీమక్క ఒక గాజులమ్మిని అడిగింది.

"ఏ ఊరమ్మా నీది? మారాజు బుగ్గన చుక్క పుట్టింది! నిన్నటి నుంచీ పూటపూటకీ మేడెక్కి దర్శనమిస్తున్నాడు. తలెత్తి చూడొచ్చంట ఇప్పుడు! అచ్చం పటంలో ఉన్నట్టే ఉన్నాడు తల్లీ! ఇన్నాళ్లూ ఆ పటాలన్నీ ఒట్టి భజన అనుకున్నాం, పాడు నోళ్లం!"

బండిలో మహారాజు పొట్ట లోపలికి పీల్చుకోబోయి విరమించుకున్నాడు. భీమక్క ఆయన బుగ్గ మీద బొగ్గుతో ఒక చుక్క పెట్టింది.

కిరీటోత్సవాన్ని అక్కడికక్కడే చిత్రించడానికి చిత్రశాల వాళ్లు వెళతారు. సారంగుడు దాచుకున్న తన పాత చిత్రశాల పసుపు తలపాగా తీసి చుట్టుకున్నాడు. భీమక్క బొమ్మల పలకలు నెత్తినెత్తుకుంది. మహారాజు చేతికి రంగుల బుడ్డి ఇచ్చారు. కొలువు గుమ్మం దగ్గర ద్వారపాలకుడు మహారాజును ఆపి, గోడమీదున్న పటాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఈ బొద్దుగా ఉన్నవాడెవడు?"

"రంగులు నూరేవాడు," అన్నాడు సారంగుడు.

"చూస్తేనే తెలుస్తోంది. పొండి."

లోపల వెయ్యి దీపాల వెలుగు చంద్రకాంత శిలల మీద పాలలా పారుతోంది. రత్నాల నెమళ్లు పురివిప్పిన సింహాసనం మీద మరో ఆజానుబాహు కూర్చున్నాడు. సింహపు నడుము, తొండాల్లాంటి చేతులు, చెవుల దాకా కళ్లు, ఎడమ బుగ్గన నల్లచుక్క. కుడి అరచెయ్యి ఎద దగ్గర అభయమిస్తోంది. పక్కన బంగారు పళ్లెంలో కిరీటం. పళ్లెం వెనక మహారాణి హంసావళి. ఆమె ఆ పురుషుణ్ణి చూస్తున్న చూపు చూసి మహారాజు పొంగిపోయాడు.

"మేమే అనుకుని ఎంత ప్రేమగా చూస్తోందో!"

సారంగుడు వినడం లేదు. బొమ్మ గీయడానికి ఒక మనిషిని గంటల తరబడి చూడటం అలవాటైన కళ్లు అతడివి. సింహాసనం మీదివాడు వచ్చినవాళ్లందరినీ దీవిస్తున్నాడు. చెయ్యి ముందుకు వస్తోంది, పక్కకు పోతోంది. భుజం దాటి పైకి మాత్రం లేవడం లేదు. ఒక సామంతుడు పూలదండ తెస్తే, తన చేతులతో వేసుకోకుండా తల వంచాడు. ఆసనం మారినప్పుడు వీపు గోడకు అంటుకున్నట్టు ఎండ్రకాయలా పక్కకు నడిచాడు.

అప్పుడే మహామంత్రి లేచి గొంతు సవరించుకున్నాడు. "ఈ ఏటి నుంచి ఆచారం మారింది. ఏలినవారికి చేతులెత్తే శ్రమ ఎందుకని, మహారాణీవారే స్వహస్తాలతో కిరీటం ధరింపజేస్తారు!"

సభ హర్షధ్వానాలు చేసింది. ఆచారం మారకపోయినా అంతే గట్టిగా చేసేది. హంసావళి కిరీటాన్ని అందుకుంది.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. సారంగుడు బొమ్మల పలకల దొంతి ఎక్కి గొంతు చించుకున్నాడు.

"పాము! పైన పాము! మీద పడుతోంది!"

సభ మొత్తం ఒక్కసారిగా రెండు చేతులూ తలల మీద పెట్టుకుంది. మంత్రి, ధర్మాధికారి, సామంతులు, వింజామరలు వీచేవాళ్లు, అందరూ. సింహాసనం మీదివాడు కూడా భయంతో కళ్లు పెద్దవి చేశాడు. చేతులు లేవబోయాయి. భుజం దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి.

"చూశారా!" సారంగుడు అరిచాడు. "చేతిని పైకెత్తేది రెక్క ఎముక. రెక్క ఎముక ఉండేది వీపులో. ఈయనకు వీపు లేదు!"

"రాజద్రోహం! పట్టుకోండి!" అన్నాడు మంత్రి.

భటులు కదిలేలోపే భీమక్క కదిలింది. సింహాసనం మీదివాడి నడుము పట్టి గిర్రున తిప్పి, శాలువా లాగేసింది. రాజు శత్రువుకు వీపు చూపడు గనుక రాజుగారి వీపును గీయడమూ చూడటమూ రెండూ నేరమే. సభ యావత్తూ క్రమశిక్షణతో కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరవండయ్యా! చూడటానికి అక్కడేమీ లేదు!" సారంగుడు బతిమాలాడు.

ధర్మాధికారి కళ్లు మూసుకునే ఆలోచించాడు. "లేని వీపును చూడటం నేరమని శాసనంలో లేదు," అని తీర్పు చెప్పి, ముందుగా ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది వద్దన్నా తెరుచుకుంది.

మెడ కింద నుంచి నడుము దాకా ముతక గుడ్డ. దారాల నేత కనిపిస్తోంది. ఎముక లేదు, కండ లేదు, వెన్నుగాడి లేదు. పైన పటం తగిలించే ఇత్తడి కొక్కెం. దాని చుట్టూ సాలెగూడు. అందులోంచి ఓ బల్లి తల బయటపెట్టి, ఇంతమందిని చూసి మళ్లీ లోపలికి పోయింది.

సభలో కీచుమని అరుపులు. చేతిలోని రంగుల బుడ్డి విసిరికొట్టి పొట్టి మహారాజు ముందుకు వచ్చాడు. "ఆజానుబాహులం మేము! పటానికి ప్రాణం పోయించి మా మీదికి పంపినవాడు ఎవడు? పటం గీసినవాడే! వర్ణాచార్యులను బంధించండి!"

వర్ణాచార్యులు సాష్టాంగపడ్డాడు. "ప్రభూ! ప్రాణం పోయడం నీలిలోయ మాంత్రికుల విద్య. మా చిత్రశాలలో పోసేది రంగే! పైగా ఈ బుగ్గన చుక్క చూడండి. తమ పటాలు కొన్ని వందలు గీశాను, ఏ ఒక్కదానికైనా చుక్క పెట్టానా?"

ధర్మాధికారి శాసనం అందుకున్నాడు. "రాజరూపం మీద చెయ్యి వేసిన ఈ ఇద్దరికీ కొరతే శిక్ష. ఇది ఒట్టి పటమే అయితే, దీన్ని మనిషిగా మార్చి సింహాసనం మీద కూర్చోబెట్టిన నేరస్థుడి పేరు ఈ సభలో పైకి చెప్పాలి. పేరు లేకపోతే నేరం లేదు. నేరం లేకపోతే ఈయన రాజు. వీళ్లు కొరతకు."

భటులు సారంగుడి చేతులు విరిచి కట్టారు. భీమక్క మీద ఎనిమిదిమంది పడ్డారు. చాలలేదు, ఇంకొందరు పడ్డారు.

మహారాజు పటంమనిషి దగ్గరికి నడిచి, కాలివేళ్ల మీద లేచి, ఆ చుక్కను వేలితో తాకి చూశాడు. వాసన చూశాడు. ఆముదం దీపానికి పట్టిన కాటుక.

ఆయన చెయ్యి అలాగే గాలిలో ఆగిపోయింది.

"ఇది మా అమ్మ పెట్టిన చుక్క," అన్నాడు.

ధర్మాధికారి శాసనం పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"సంబంధం కోసం మా పటం ఆడపిల్లవారికి పంపేటప్పుడు, 'నా బిడ్డకు దిష్టి తగులుతుంది' అని అమ్మ తన వేలితో ఎడమ బుగ్గన చుక్క పెట్టింది. దిష్టిచుక్క పెట్టిన పటం ఒక్కటే."

"ఆ పటం ఎక్కడుంది ప్రభూ?" సారంగుడు అడిగాడు. జవాబు అతడికి తెలుసు. సభకూ తెలుస్తోంది. కానీ అది చెప్పగలిగింది ఆ ఒక్క మనిషే.

మహారాజు నేలవైపు చూశాడు. "పడకగదిలో మంచానికి ఎదురుగా వేలాడేది. రాణి రోజూ దాన్ని చూసి నిట్టూర్చేది. నా మీద ప్రేమ అనుకున్నాను."

మేము అనడం మరిచిపోయాడు.

హంసావళి కిరీటం పట్టుకుని అలాగే నిలబడింది. తెర దించిన నాటి ఏడుపు ఆమె మొహంలో లేదు. "పేరు చెప్పండి స్వామీ," అంది. "పటంలో వచ్చినవాడికైతే ఆ ధైర్యం ఉండేది. నేను అడిగింది ఆయన్నే. మీరు పంపింది ఆయన్నే. మరి పీటల మీదికి వచ్చింది ఎవరు?"

ఆమె వెనక పట్టుతెర కింద నుంచి నీలిలోయ మాంత్రికుల ధూపంలాంటి నీలిపొగ సన్నగా పాకుతోంది. ఎవరూ గమనించలేదు. కొరతకు తీసుకెళ్లే భటులు సారంగుణ్ణి గుమ్మం దాకా ఈడ్చారు.

"ఆగండి!"

అసలు ఆజానుబాహు అందరివైపు వీపు పెట్టి మహారాణికి ఎదురుగా నిలబడ్డాడు. చెమటకు పలచని అంగీ ఒంటికి అతుక్కుపోయింది. గుమ్మం దగ్గర నుంచి సారంగుడు చూస్తూనే ఉన్నాడు. ఆ లావుపాటి వీపులో కుడి రెక్క ఎముక మెల్లగా పక్కకు జారింది, తిరిగింది. పొట్టి చెయ్యి లేచింది. భుజం దాటింది. తల దాటింది. వేలు చాచింది.

"నేరస్థురాలు," అన్నాడు మహారాజు, "నా భార్య హంసావళి."